రోడ్డులో పోయిన ఇల్లు

ఆ ఉదయం సోమాలమ్మ పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతుంటే వీధిలో ఇనప గొలుసు ఈడుస్తున్న చప్పుడైంది. గరిటె చేత్తో పట్టుకునే అరుగు మీదకి వచ్చింది. మునిసిపాలిటీ మనుషులు ఇద్దరు ఇంటి గోడని ఈ మూల నుంచి ఆ మూల దాకా కొలుస్తున్నారు. మూడో మనిషి సున్నంతో గోడ మీద గీత గీసి, పక్కన అంకె వేస్తున్నాడు. ఏమిటని అడిగితే, బెల్లం మార్కెట్టు దారి వెడల్పు చేస్తున్నారనీ, ఈ ఇల్లు మొత్తం రోడ్డులో పోతుందనీ చెప్పాడు. ఇంటావిడ ఎరుకమ్మ అమ్మకానికి ఒప్పుకుని వారం దాటిందని కూడా చెప్పాడు.

ఎరుకమ్మ సోమాలమ్మకి అత్త. ముప్పై ఏళ్ళు అటుకులు దంచి, గంప నెత్తిన పెట్టుకుని అనకాపల్లి వీధులన్నీ తిరిగి అమ్మి, ఆ రెండు గదుల పెంకుటిల్లు కట్టింది. ఇల్లు ఆమె పేరునే ఉంది. అమ్ముకునే హక్కు ఆమెది. అయినా ఒకే పొయ్యి మీద వండుకు తింటూ కోడలికి ఒక్క మాట చెప్పలేదు.

సోమాలమ్మకి కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఆమె భర్త జగ్గన్న ఏడేళ్ళ కిందట రంగం వెళ్ళాడు. రంగూన్‌ని ఆ పక్కల అందరూ రంగం అనే అంటారు. అక్కడ ధాన్యం మిల్లులో పని. రంగం మీద బాంబులు పడ్డ దగ్గర్నుంచీ అతని కబురు లేదు. లడాయి ఆగి రెండేళ్ళు కావస్తున్నా సోమాలమ్మ ఆశ వదల్లేదు. సబ్బవరంలోనో మాడుగులలోనో రంగం నుంచి ఎవరో తిరిగొచ్చారని వింటే చాలు, కూతురు పైడితల్లిని అత్తకి అప్పజెప్పి, నడిచి వెళ్ళి అడిగి వచ్చేది.

పెరట్లో బియ్యం చెరుగుతున్న అత్త ముందుకి వెళ్ళి నిలబడింది. అమ్ముతున్నమాట నిజమేననీ, కొండకర్లలో భూమి చెక్క చూశాననీ, ముగ్గురూ అక్కడికి పోదామనీ ఎరుకమ్మ చేట మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆయన వత్తే ఏ ఇంటికి వత్తాడత్తా? ఇల్లున్న చోట బళ్ళు పోతుంటే ఎవర్ని అడుగుతాడు?" అంది సోమాలమ్మ.

ఎరుకమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

సోమాలమ్మ ఆ పూట అంబలి ముట్టలేదు. చీర కొంగు బిగించి మునిసిపల్ ఆఫీసుకి నడిచింది. అక్కడి గుమస్తా త్రినాధరావు నెమ్మదైన మనిషి. ఇంటికి వారసుడు ఉన్నాడనీ, బర్మా నుంచి రావలసి ఉందనీ, అతను వచ్చేదాకా అమ్మకం ఆపమనీ అడిగింది. త్రినాధరావు బీరువా లోంచి కాగితం తీశాడు. చదవమంటావా అని అడిగి మరీ చదివాడు.

"నా ఏకైక కుమారుడు జగ్గన్న అయిదేళ్ళ కిందట బర్మా దారిలో కాలం చేసినాడు. ఈ ఇంటికి నేను తప్ప వేరే హక్కుదారులు లేరు."

ఎరుకమ్మ తనే వచ్చి ఇలా రాయించిందని, కింద ఉన్న వేలిముద్ర చూపించాడు.

సోమాలమ్మ ఎప్పుడు లేచిందో, ఎటు నడిచిందో ఆమెకే తెలీదు. బెల్లం బళ్ళ మధ్య నుంచి తన వీధి దాటిపోయి శారదా నది ఒడ్డు దాకా వెళ్ళింది. నీళ్ళ దగ్గర నిలబడలేక మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. తిన్నగా అత్త ముందుకి వెళ్ళింది.

"ఇల్లమ్ముకోడానికి కన్న కొడుకుని కాగితం మీద సంపేసేవా, అత్తా?"

తలుపు పక్కన పైడితల్లి బిత్తరపోయి చూస్తోంది. ఎరుకమ్మ మనవరాల్ని పక్కింటికి పంపి, తలుపు దగ్గరగా వేసింది.

"కాగితం మీద కాదమ్మీ. ఆడు నిజంగానే పోయేడు. బాలన్న సెప్పేడు."

కొండకర్ల బాలన్న, జగ్గన్న ఒకే మిల్లులో పనిచేశారు. బాంబుల తరవాత ఇద్దరూ కలిసే ఇంటికి నడక మొదలుపెట్టారు. బాలన్న ఒక్కడే ఇల్లు చేరాడు. సోమాలమ్మ అతని దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ దారిలో విడిపోయామనే చెప్పాడు. అలా చెప్పమని ఒట్టు వేయించుకున్నది ఎరుకమ్మేనట.

"ఆడొచ్చి సెప్పిన యేళకి నీకు అమ్మోరు పోసింది. కళ్ళు తెరవలేదు. అప్పుడు సెప్తే నువ్వు దక్కవని భయం. లేచినాక సెప్దునులే అనుకున్నాను. లేచిన రోజే నువ్వు ఆడి ఉత్తరం కోసం పోస్టాఫీసుకి ఎల్లేవు. ఇయ్యాల కాదు రేపనుకుంటూ అయిదేళ్ళు అయిపోనాది."

తనకి వయసు మీద పడిందనీ, తను పోతే మరుదుల కొడుకులు ఈ ఇంటి మీదికి వస్తారనీ, మగబిడ్డ లేని కోడల్ని ఉండనివ్వరనీ చెప్పుకొచ్చింది. అందుకే కొండకర్ల భూమి సోమాలమ్మ పేరునే రాయిస్తోందట.

సోమాలమ్మకి భూమి మాట చెవికెక్కలేదు.

"నేను సబ్బవరం నడిచెళ్ళిన రోజున కూడా నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే దారికి అటుకులు మూట కట్టిచ్చేవా?"

"ఏటి సెయ్యమంటావమ్మీ? అంత దూరం నడిస్తే ఆకలేత్తాది కదా."

సోమాలమ్మ రెండు రోజులు అత్త చేతి అన్నం తినలేదు. ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉంది. మూడో రోజు తెల్లవారుతూనే కొండకర్ల బయల్దేరింది.

ఆమెని చూడగానే బాలన్నకి సంగతి తెలిసిపోయింది. ఊరి పెద్ద చెరువు ఆవ గట్టున కూర్చోబెట్టి, ఈసారి ఏదీ దాచలేదు. బర్మాలో ప్రోమ్ ఊరు దాటాక కొండదారిలో జగ్గన్నకి వాంతులు పట్టుకున్నాయి. ఒక పగలంతా బాలన్న వీపున మోశాడు. సాయంత్రానికి మోస్తున్న మనిషి బరువు మారిపోయింది. దారి పక్కనే చేతులతో, వెదురు బద్దతో మట్టి తవ్వాడు. ఇదంతా ఎరుకమ్మకి చెప్పినప్పుడు ఆమె ఏం చేసిందని సోమాలమ్మ అడిగింది. లోపల కోడలు పడుకుని ఉంది, గొంతు ఎత్తొద్దని అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టిందనీ, తరవాత కోడలికి మందు నూరాలంటూ లేచి వెళ్ళిపోయిందనీ చెప్పాడు.

తిరుగుదారిలో సోమాలమ్మ నడక నెమ్మదించింది. తనకి ఈ అయిదేళ్ళూ ఎదురుచూపైనా ఉంది. కనపడిన వాళ్ళందరితో మొగుడి మాట చెప్పుకుని ఏడ్చింది. కొడుకు పోయాడని తెలిసిన తల్లి మాత్రం పెద్దకర్మ లేకుండా, ఒక్క మనిషి ముందు కన్నీరు పెట్టకుండా వీధుల్లో అటుకులు అమ్ముకుంటూ తిరిగింది. అది తలుచుకుంటూ సోమాలమ్మ దారి పక్కన కూలబడి తన కోసం కొంత, అత్త కోసం కొంత ఏడ్చింది.

ఇంటికి వచ్చి పొయ్యి రాజేసి అన్నం వండింది. అత్తకి కంచం పెట్టి పక్కనే కూర్చుంది.

"ఇంక దాసుకోవద్దు. ఏడవత్తా," అంది.

"రాదమ్మీ. ఏడుపు మర్సిపోనాను," అంది ఎరుకమ్మ. ముద్ద మాత్రం నోటికి ఎత్తలేకపోయింది. కోడలే కలిపి తినిపించింది.

ఆ వచ్చే సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో త్రినాధరావు కాగితం మొదటి నుంచి చదివాడు. జగ్గన్న పేరున్న చోట రిజిస్ట్రారు ఆపి, ఇది నిజమేనా అని ఎరుకమ్మని అడిగాడు. ఒకసారి చెప్పి రాయించిన మాటే. అయినా ఆమె పెదవులు కదిలాయి తప్ప మాట బయటికి రాలేదు. రిజిస్ట్రారు మళ్ళీ అడిగాడు.

సోమాలమ్మ ముందుకి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

"నిజమే బాబూ. ఆయన నా పెనిమిటి. బర్మా దారిలో పోయేడు."

ఆ మాట ఆమె నోటి వెంట రావడం అదే మొదలు. ఎరుకమ్మ కోడలి వంక చూసింది. వేలిముద్ర వెయ్యడానికి వంగిన మనిషి బల్ల మీద అలాగే తల ఆన్చి, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ గొంతెత్తి ఏడ్చింది. వరండాలో జనం లోపలికి తొంగి చూశారు. ఆమెని ఊరుకోబెట్టమని త్రినాధరావు సైగ చేశాడు.

సోమాలమ్మ ఊరుకోబెట్టలేదు. పక్కనే నేల మీద కూర్చుని, అత్త తలని ఒళ్ళోకి తీసుకుంది.