మూడో అంతస్తు గేటు

ఉదయం 10.40. సర్కారు క్వార్టర్స్, మూడో అంతస్తు.

మెట్ల చివర ఇనుప గేటు. దాని బయట, తన ఇంటికి పదడుగుల దూరంలో, కుట్టుపని చేసుకునే పెద్దావిడ చనిపోయి ఉంది. పక్కన ఖాళీ చెత్త బకెట్. కుడిచేతి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి.

"దొంగతో పెనుగులాడినట్టుంది సార్," అన్నాడు కానిస్టేబుల్.

దొంగను కూడా సిద్ధం చేసేశాడు. లిఫ్ట్ రిపేరుకు వచ్చిన మెకానిక్. పాత దొంగతనం కేసు ఒకటి ఉంది, ఇంకేం కావాలి? బేడీలు పడ్డాయి. తన పెళ్లాం పిల్లలు వీధిన పడతారని అతను మొత్తుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. కమ్మలున్నాయి. గొలుసుంది. కణుపులకు ఆకుపచ్చ పెయింట్ అంటింది.

గేటు రంగూ అదే.

ఆర్నెల్ల కిందట ఇక్కడ వారానికి రెండు దొంగతనాలు. కార్డు పెడితేనే తెరుచుకునే ఈ గేట్లు ఇన్‌స్పెక్టరే పట్టుబట్టి వేయించాడు. జనం మాత్రం చెత్త పారేయడానికి దిగేటప్పుడు గేటు మూసుకోకుండా చెప్పు అడ్డం పెట్టేవారు. కిందటి నెల మీటింగ్ పెట్టి, చీవాట్లేసి, ఆ అలవాటు మాన్పించాడు. ఎవరు కొట్టినా తీయొద్దన్నాడు. దొంగతనాలు ఆగాయి. అందరూ అతన్ని నెత్తిన పెట్టుకున్నారు.

11.30కి, ఆఫీసు నుంచి వచ్చిన పెద్దావిడ కూతురినీ, ఇరుగుపొరుగునీ, మెకానిక్‌నీ గేటు దగ్గరికి పిలిపించాడు.

"చప్పుడు ఎన్నింటికి విన్నారు?"

"తొమ్మిదిన్నరకి," అంది ఎదురింటి కండక్టర్ భార్య.

"పిలిచిందా?"

"లేదు సార్. కొట్టుడే. గొంతు వినబడితే తీయనా?"

ఇన్‌స్పెక్టర్ విడమరిచి చెప్పాడు. ఆవిడకు ఆయాసం జబ్బు. లిఫ్ట్ ఆగిపోయింది. మూడంతస్తులు ఎక్కేసరికి గొంతు పెగల్లేదు. కార్డు ఇంట్లోనే మర్చిపోయింది. మందూ ఇంట్లోనే ఉంది. కణుపులు చెక్కుకుపోయింది గేటు కొట్టి కొట్టి.

ఇన్‌స్పెక్టరే వెళ్లి మెకానిక్ బేడీలు తీశాడు. సిగ్గుతో అతని ముఖం చూడలేకపోయాడు.

"అయితే మా అమ్మను చంపిందెవరు సార్?" అంది కూతురు.

"నేను చెప్పిన మాటమ్మా. వీళ్లు దాన్ని విన్నారు, అంతే. రిపోర్టులోనూ అదే రాస్తాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"ఎంతసేపు కొట్టింది?" అని అడిగింది.

ఇరుగుపొరుగు చెప్పినవన్నీ అతని నోట్‌బుక్‌లో టైములతో సహా ఉన్నాయి. తెలియదనేస్తే పోతుందని ప్రాణం పీకింది.

"పావుగంట," అన్నాడు.