స్కేలు వెనక తారు

"గోదావరి పెరుగుతోందండీ. నా స్కేలు మాత్రం తగ్గిందంటోంది."

అమలాపురంలోని డిటెక్టివ్ సోమేశ్వరరావు ఆఫీసులోకి తడిసి ముద్దయి వచ్చిన జ్యోతిర్మయి, కుర్చీలో కూడా కూర్చోకుండా అన్న మాట ఇది. వరదల మీద పరిశోధన చేస్తూ ఆమె ఏడాదిగా నేరేడులంకలో ఉంటోంది. అసిస్టెంటు లోవరాజు ఆమెకి కాఫీ గ్లాసు అందించాడు. వరద పేరెత్తితేనే అతనికి భయం. ఎనభై ఆరు వరదలో రెండు రాత్రులు ఇంటికప్పు మీద గడిపినవాడు మరి. పుష్కరం గడిచినా నీళ్ళ హోరు వింటే అతని గుండె జారిపోతుంది.

"నెమ్మదిగా చెప్పండమ్మా," అన్నాడు సోమేశ్వరరావు.

"గట్టు వారనున్న కొబ్బరిచెట్టుకి అడుగుల గుర్తులు వేసిన చెక్క బిగించేనండి. నీరు పద్నాలుగు దాటితే గట్టు కింద నలభై ఇళ్ళూ ఖాళీ చెయ్యాలని ఊరందరికీ నేనే నేర్పేను. నిన్న సాయంత్రం పదమూడుంది. ఎగువ నుంచి నీరు ఇంకా వస్తోంది. ఇవాళ పొద్దున్న చూస్తే పన్నెండు! లేవండి, పోదాం అంటే ఎవరూ కదలట్లేదు. చెక్కనే నమ్మమన్నారు కదా అంటున్నారు. మండలాఫీసుకి ఫోన్ చేస్తే వాళ్ళూ స్కేలు ఎంతుందనే అడిగేరు."

"ఆ చెట్టు ఎవరిది?"

"కేశవరావుగారిదండీ. నేను అద్దెకుంటున్నది వాళ్ళింట్లోనే. చెట్టుకి మేకులు కొడతానంటే పాపం, రెండ్రోజులు అన్నం సయించలేదాయనకి."

సోమేశ్వరరావు గొడుగు అందుకున్నాడు. ఇంటికి పోతే బాగుండునని లోవరాజుకి అనిపించింది. కానీ ఈయన వెంట ఉంటే ఏమీ కాదని ఒక మొండి నమ్మకం. జీపెక్కాడు.

నేరేడులంకలో కేశవరావు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "రండి, రండి. ముందు భోజనాలు కానివ్వండి. ఏం భయం లేదండీ. వేసవిలో పెరడంతా రెండడుగులు మెరక చేయించేను. చుక్క నీరు రాదు."

పెరట్లో కొత్త మట్టి మెత్తగా కాలికి అంటుకుంది. పశువుల పాక వెనక, గట్టుని ఆనించి, కొబ్బరాకుల దడి ఒకటి కొత్తగా కట్టి ఉంది. సోమేశ్వరరావు రెండూ చూశాడు.

గట్టెక్కేసరికి లోవరాజు సోమేశ్వరరావు వెనక్కి జరిగాడు. ఎర్రటి నీరు సుళ్ళు తిరుగుతూ పోతోంది. పడవ నడిపే అబ్బులు తన పడవని ఒక కొబ్బరిచెట్టుకి కట్టి కూర్చున్నాడు. పడవకి తారు పూసి ఎన్నో రోజులు కాలేదు.

"ఒరే అబ్బులూ, తాడు ఒరుసుకుని చెట్టు చెక్కుకుపోతోంది, కళ్ళు కనపడ్డం లేదా?" అంటూ కేశవరావు తాడు పడ్డ గీత మీద వేలితో రాసి చూశాడు.

"ఈ మేడంగారి మీద నీకు కోపమటగా?" అని అడిగాడు సోమేశ్వరరావు.

"ఉందండి. వరదని చెప్పి నా పడవ ఆపించేసేరు. కోపముంటే నేరవాండి?"

రోజూ స్కేలు చూసి అంకె రాసే దానం అనే అతన్ని పిలిపించారు. "సాయంత్రం పదమూడు, పొద్దున్న పన్నెండు. చూసిందే రాసేనండి, ఆయ్," అన్నాడతను.

సోమేశ్వరరావు పడవలో చెట్టు దగ్గరికి వెళ్ళి చెక్కని ఊడదీయించాడు. వెనక, ఇప్పటి మేకులకి సరిగ్గా రెండడుగుల దిగువన, నాలుగు పాత కన్నాలు. నాలుగింటినీ నల్లటి తారుతో ఎవరో పూడ్చారు.

"తారండీ! అబ్బులు పడవకి..." అని గొణిగాడు లోవరాజు. "అందర్నీ గట్టు మీదికి పిలు," అన్నాడు సోమేశ్వరరావు.

వానలోనే ఊరు పోగయింది.

"చెక్కని రెండడుగులు పైకి జరిపేరు. ఇప్పుడు నీరు పద్నాలుగు దాటింది," అన్నాడు సోమేశ్వరరావు. ఎవరో బావురుమన్నారు. అందరి చూపూ అబ్బులు మీదికి తిరిగింది.

"ఆగండి. తారు పడవకీ పూస్తారు, గాయమైన కొబ్బరిచెట్టుకీ పూస్తారు. ఈ కన్నాలు చెక్క వెనక ఉన్నాయి, ఎవరి కంటా పడవు. అయినా పూడ్చారంటే దాచడానికి కాదు, పురుగు దూరి చెట్టు చచ్చిపోతుందని. చెట్టు ఒరుసుకుపోతున్నా పట్టని అబ్బులుకి ఆ బెంగెందుకు? దానానికి చెట్టే లేదు. ఊరు మునిగినా ఫరవాలేదు గానీ చెట్టుకి పురుగు పట్టకూడదనుకున్నది ఎవరు, కేశవరావుగారూ?"

కేశవరావు చెట్టు వైపు చూశాడు.

"మెరకకి మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చేరు? ఆ దడి తీయించండి."

నలుగురు కిందికి దిగి దడి పీకారు. గట్టు లోపలివైపు సగం తవ్వేసి ఉంది. మిగిలిన మట్టి గోడలోంచి నీరు బుడబుడ ఊరుతోంది.

"పద్నాలుగు దాటితే ఆఫీసర్లొచ్చి గట్టంతా చూస్తారండి," అన్నాడు కేశవరావు. "రెండ్రోజుల్లో వరద తీసేస్తుంది, ఎవరికీ తెలీకుండా పూడ్చేద్దామనుకున్నాను. తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోగలనా?"

ముసలి పోలమ్మ ముందుకొచ్చింది. ఆమె ఇల్లు ఆ తవ్విన చోటుకి ఎదురుగానే ఉంది.

"ఆ సంగతి తరవాత బాబుగారూ. ముందు మా పిల్లల్ని ఎత్తుకోండి."

ఆయన ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని నడిచాడు. అబ్బులు పడవ నిండా ముసలివాళ్ళు. లోవరాజు వణుకుతూనే గుమ్మం గుమ్మానికీ పరిగెత్తి, తలుపులు బాది జనాన్ని లేవగొట్టాడు.

దీపాల వేళకి సరిగ్గా ఆ పాక వెనకే గట్టు తెగింది. ఆ చప్పుడు లోవరాజు జన్మలో మర్చిపోలేడు. బడి మేడ మీద జ్యోతిర్మయి ఇంటింటి మనుషుల్నీ లెక్కపెట్టింది. రెండోసారీ లెక్కపెట్టింది. ఒక్కరూ తగ్గలేదు. అప్పుడు కూర్చుని ఏడ్చింది.

కేశవరావుని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు కూడా. ఆయనే అడిగాడు.

"చెట్టుందా అమ్మా?"

జ్యోతిర్మయి కళ్ళు తుడుచుకుని గట్టు వైపు చూసింది. అక్కడ గట్టే లేదు.

"లేదండీ," అంది.