చూరు కారే వేళ

ప్యానెళ్లు కడిగే కూలీ వేషంలో ఉన్న ఏజెంట్‌కు పెద్దాయన ఇచ్చిన బ్రీఫింగ్ మూడు ముక్కల్లో అయిపోయింది.

"పదింటికి పన్నెండు దేశాల వాళ్లు ఆ సోలార్ ఫీల్డ్ చూస్తారు. నచ్చితే సంతకాలు పెడతారు. డీజిల్ అమ్ముకునే విదేశీ ముఠా ఒకటి అది జరగనివ్వదు."

"నా కాంటాక్ట్?"

"లోపలే ఉంది. కోడ్ అడుగు."

డిపార్ట్‌మెంటులో ఈ ఏజెంట్‌ను నత్త అంటారు. ఆ ఫీల్డ్ అతని అన్న డిజైన్ చేసింది. ప్యానెళ్లను మనిషి ఎత్తున నిలబెట్టి, కింద టమాటాలు వేయించి, గడ్డి మేయడానికి గొర్రెలను దింపాడు. నీడకు నేలలో తేమ నిలిచింది. సగం నీళ్లకే కాపు వచ్చింది. ప్యానెళ్లు కడిగిన నీళ్లు చుక్కలుగా జారే దిగువ భాగాన్ని అన్న చూరు అనేవాడు. కింద మనుషులూ గొర్రెలూ ఉన్నప్పుడు అది ఇల్లే కదా అనేవాడు. అన్న పోయి పది నెలలైంది. ఆ మాట మాత్రం అక్కడ పనిచేసేవాళ్లందరి నోళ్లలో ఉండిపోయింది. మందను ఇప్పుడు వదిన చూసుకుంటోంది.

తొమ్మిదీ నలభైకి ఇన్వర్టర్ గది దగ్గర, నేల పరీక్షలు చేసే మట్టి డాక్టర్ ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫ్, ఎత్తు మడమల బూట్లు.

"నీడలో ఏం ఆరుతుంది?" అన్నాడు.

"చెమట."

కోడ్ సరిపోయింది.

"ఏడాదిగా ఇక్కడే ఉన్నాను, గదిలో ఉన్న ఈ వైరు ఎప్పుడూ చూడలేదు. లోపలికి రండి. ఏడో వరుస ప్యానెళ్ల అంచు దాకా వెళ్తోంది."

ఏడాది ఉన్న మనిషి చూరు అంటుంది, అంచు అనదు. ఈమె కోడ్‌ను ఎక్కడో కాజేసిన మనిషి. అది అతనికి తట్టేసరికి వెనక తాళం పడింది.

ఉక్కు గోడలు. ఒంటిని పట్టి ఊపేసే ఇన్వర్టర్ల హోరు, కొలిమిలాంటి వేడి. వాచీలో ఉన్న రేడియోకు సిగ్నల్ లేదు. మిగిలింది అరచేతి వెడల్పు గాలి సందు. దాని అవతలికి ఆమె వచ్చి నిలబడింది.

"పదింటికి ఈ రిమోట్ నొక్కుతాను. ఏడో వరుసలో ఏడు చోట్ల స్పార్క్. పరీక్షలని చెప్పి వారంగా అక్కడ మేతా, కడుగుడూ ఆపించాను. గడ్డి మోకాలెత్తు ఎండి ఉంది. సోలార్ పంటను కాల్చేసిందని రేపు లోకమంతా చదువుతుంది."

"ఆ వరుసలో మా వదిన ఉంది."

"తెలుసు. టీకాలని చెప్పి మందతో సహా దొడ్లో పెట్టి తాళం వేశాను. అరిస్తే ఇప్పుడే నొక్కుతాను."

సందులోంచి వదిన కనిపిస్తోంది. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పక్కనే కడుగుడు నీళ్ల ఎర్ర వాల్వ్. అటూ తాళమే, ఇటూ తాళమే.

"ఒక్క ఇంటి మాట చెప్పుకోనివ్వండి."

ఆమె గడియారం చూసుకుంది. తొమ్మిదీ యాభై.

"ఒక్కటే."

"వదినా," అని కేకేశాడు. "అన్నయ్య ఉంటే ఈపాటికి చూరు కారుతుండేది."

మట్టి డాక్టర్ నవ్వింది. "కారే కొంపా మీది? పాపం."

పది నెలలుగా వదినా మరుదులు ఒకరి ముందు ఒకరు అన్న మాట ఎత్తలేదు. వదిన గాలి సందు వైపు చూసి, పక్కనున్న వాల్వ్ వైపు చూసింది.

"పొద్దున్నే గుర్తుచేస్తావేం అబ్బాయ్," అని లేచింది.

డాక్టర్ బస్సు కోసం రోడ్డు వైపు తిరగగానే వదిన వాల్వ్ తిప్పింది. పైపు గుడగుడమంది. నీళ్లు రాలేదు. తొమ్మిదీ యాభై ఎనిమిదికి మొదటి ప్యానెల్ తడిసింది. వరుస చివర ఇంకా పొడిగానే ఉంది.

గేటులో బస్సు ఆగింది. ఆమె నొక్కింది.

ఏడు నీలి మెరుపులు. ఏడు చోట్ల సుయ్‌మన్న పొగ. మంట లేదు. ప్యానెళ్ల చూరు ధారగా కారుతోంది. ఆమె మళ్లీ నొక్కి, ఏడో వరుసకు అడ్డంపడి పరిగెత్తింది. చూరు కింది బురదలో బూట్ల మడమలు చీలమండల దాకా దిగిపోయాయి. మట్టి డాక్టరే అయినా ఆ మట్టి సంగతి ఆమెకు తెలియలేదు. బస్సులోంచి ప్రతినిధుల వేషంలో దిగిన ఇద్దరు డిపార్ట్‌మెంటు మనుషులు ఆమెను బూట్లు లేకుండానే పైకి లాగారు.

ఆమె సంచీలో దొరికిన తాళంచెవులతో మొదట దొడ్డి, తర్వాత గది తెరుచుకున్నాయి.

"గూఢచారివని పేరు. ఆడమనిషి రమ్మంటే వెళ్లి తాళం వేయించుకున్నావు," అంది వదిన, నీళ్ల చెంబు అందిస్తూ.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు.

"రిపోర్టులో ఈ చూరు అన్నదాన్ని ఏమని రాయమంటావు?"

"ఏమైనా రాయండి సార్. అంచు అని మాత్రం రాయకండి."