భుజం మార్చే బండ

మా కొండ దిగుతుంటే సగం దారిలో ఒక నల్లబండ ఉంది. వెదురు గెడకి దుప్పటి కట్టి రోగిని డోలీలో మోసుకొచ్చేవాళ్ళు అక్కడ ఆగి భుజం మార్చుకుంటారు. పగలు అది ఉత్త బండే. మేకలెక్కి పడుకుంటాయి. చీకటి పడ్డాక మాత్రం దాని పక్కనుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. నడిస్తే... వెనకనుంచి ఎవరో భుజం అడుగుతారని పేరు. సంతలో కల్లు తాగి ఆలస్యంగా వచ్చిన ఒక ముసలాయన, అడిగితే ఇచ్చానన్నాడు. ఆయన కుడి చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

మరి నువ్వు నడవలేదా అంటే— నడవలేదు. నా ధైర్యం సంగతి ఊరందరికీ తెలుసు. వనసంరక్షణ సమితి పెట్టిన కొత్తలో, అంటే తొంభై ఏడులో, అడవి కాపలాకి వాలంటీర్లు కావాలంటే నేనూ చెయ్యెత్తాను. జీతం లేదు. ఒక ఈల ఇచ్చారు, ఒక కర్ర ఇచ్చారు, అధికారం తర్వాత పంపిస్తామన్నారు. అక్షరాలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, రాత్రి గస్తీకంటే మీటింగుల్లో మాట్లాడ్డం నాకు బాగా వస్తుందని నేనే తేల్చుకుని, పగటి డ్యూటీ వేసుకున్నాను. అందుకని ఇది నేను చూసింది కాదు. చూసినవాడు చెప్పింది. వాడి పేరు కాస్త ఆగి చెబుతాను.

బండకి ఆ చెడ్డపేరు చిట్టెమ్మ పోయాక వచ్చింది. చిట్టెమ్మ మా బుధు పెళ్ళాం. సమితి రాకముందు, ఒక రాత్రి ఆమెకి నెప్పులొస్తే ఆస్పత్రికని డోలీ కట్టారు. బండ దగ్గర కాలిబాట జీపు దారిలో కలుస్తుంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి రవిబాబు జీపు వచ్చింది. రవిబాబు మైదానం నుంచి వచ్చిన కలప కాంట్రాక్టరు. జీపు నిండా దొంగ టేకు. బుధు అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు.

"లోడు దించాలంటే తెల్లారిపోద్దిరా," అన్నాడు రవిబాబు. "పక్కకి తప్పుకో."

జీపు పోయింది. చిట్టెమ్మ ఆ బండ మీదే పోయింది, కడుపులో బిడ్డతో.

బుధు ఏడవగా ఎవరూ చూడలేదు. సమితి పెట్టగానే అందరికంటే ముందు వాలంటీరుగా చేరాడు. రాత్రుళ్ళన్నీ అడవిలోనే. రవిబాబు దుంగలు ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టి, కొండ కింది ఫారెస్టు రేంజి ఆఫీసుకి పోయి చెబితే, అక్కడి గార్డు ఆవలించేవాడు.

"కలపా, మనిషీ కలిపి పట్టుకురా. వట్టి మాటలతో కేసవదు."

బుధు తలూపి వచ్చేసేవాడు.

ఇక ఆ రాత్రి... మాఘమాసం చలి. రవిబాబు జీపుకి దారిలో ఒక చెట్టు అడ్డంగా పడి ఉంది. అడవిలో ఎక్కడో ఈల వినబడింది. డ్రైవరు తాళంతో సహా పారిపోయాడు. రవిబాబు కాసేపు వాణ్ణి, కాసేపు చెట్టుని తిట్టి, టార్చి వేసుకుని కిందికి నడిచాడు.

మంచు. టార్చి వెలుగు మూరెడు పోయి ఆగిపోతోంది.

బండ వచ్చింది.

బండ మీద— డోలీ.

పక్కన ఇద్దరు. తలమీంచి గొంగళి కప్పుకున్నారు. ఒకడి చేతిలో లాంతరు. డోలీలోంచి చీర చెంగు వేలాడుతోంది.

"బాబూ... ఓ భుజం పట్టు."

మా కొండల్లో డోలీకి భుజం లేదనకూడదు. లోపలెవరని అడక్కూడదు. ఏళ్ళ తరబడి ఇక్కడ తిరుగుతున్న రవిబాబుకి ఆ సంగతి తెలుసు. ఆ బండ సంగతీ తెలుసు. పరిగెడితే వెనక ఏం పరిగెడుతుందో... ముందు కొన ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వెనక కొన ఒకడు పట్టాడు. లాంతరువాడు ముందు నడిచాడు.

బరువు. ఒక మలుపు తిరిగారు. ఇంకా బరువు. ఇంకో మలుపు.

"ఒక్కసారి దించుతాను..."

"దించకు," అంది వెనకున్న గొంతు.

"భుజమైనా మార్చుకోనీ..."

"మార్చే బండ దాటిపోనాది."

చొక్కా చిరిగింది. భుజం మీద తోలు లేచింది. రవిబాబు తనలో తను ఏదో గొణుక్కుంటూ నడిచాడు. వెనకవాడికి సరిగ్గా వినబడలేదు. భయానికి ప్రార్థన చేస్తున్నాడనుకున్నాడు.

రోడ్డెక్కారు. రేంజి ఆఫీసు ముందు లాంతరు ఆగింది. డోలీ దిగింది. గార్డు కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

లాంతరువాడు గొంగళి తీశాడు— బుధు. వెనకవాడూ తీశాడు— సుక్రు, మా ఇంకో వాలంటీరు, నాకిదంతా చెప్పినవాడు. నన్నూ రమ్మన్నారు. నాకు ఆవేళ కడుపునొప్పి. రమ్మన్నాకే మొదలైంది.

బుధు చీర విప్పాడు. లోపల టేకు దుంగ. దాని మీద రవిబాబు మనుషులు వేసుకునే ఎర్రరంగు గుర్తు.

"కలపా, మనిషీ," అన్నాడు బుధు. "మీరు అడిగినట్టే కలిపి తెచ్చినాం."

సుక్రుకి నవ్వాగలేదు. గార్డుకీ ఆగలేదు.

రవిబాబు తిట్టలేదు. దుంగని తడిమాడు. చీర ఎత్తి కింద చూశాడు.

"ఆవిడేదిరా?"

"ఏ ఆవిడ?" అన్నాడు సుక్రు.

"దారంతా మాటాడతానే ఉంది కదా... నా చెవి పక్కనే."

సుక్రు నవ్వు ఆగిపోయింది. భుజం పట్టమన్నది, "దించకు" అన్నది తనే. బండ దాటిందన్నదీ తనే. అంతకుమించి ఆ దారిలో తను నోరు తెరవలేదు, బుధూ తెరవలేదు. ఆడమనిషి గొంతు తనకైతే వినబడలేదు.

బుధు మాత్రం రవిబాబు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఏటన్నాది, బాబూ?"

"ఆస్పత్రి ఇంకెంత దూరమని. వచ్చేశాం, వచ్చేశాం అన్నాను. మళ్ళీ అదే మాట..."

గార్డు కాగితాలు తెచ్చి, రవిబాబుని లోపల కూచోబెట్టమన్నాడు. బుధు వినిపించుకోలేదు. దుంగకి మళ్ళీ చీర చుట్టాడు. చలి తగలకుండా కప్పినట్టు చెంగు లోపలికి దోపాడు. గెడ ముందు కొన ఎత్తి రవిబాబు భుజం మీద పెట్టాడు— తోలు లేచిన భుజం మీదే. వెనక కొన తను పట్టాడు.

"ఆస్పత్రి ఇంకా రెండు మైళ్ళేనే," అన్నాడు డోలీ వైపు వంగి.

తర్వాత తలెత్తి, రవిబాబుతో—

"నడు."