దగ్గరవుతున్న కొమ్మ

ఆ శిక్షణ తరగతులు పరిశోధనశాల నేలమాళిగలో జరిగేవి. కిటికీల్లేని గది, వరసగా కంప్యూటర్లు, గోడవారగా గుర్రుమనే ఫ్రీజర్లు, స్పిరిటు వాసన. జన్యువులు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయో లెక్కకట్టి, ఎవరికెవరు ఎంత దగ్గరో కొమ్మల చెట్టులా గీయడం అక్కడ నేర్పే విద్య. వచ్చినవాళ్ళంతా చదువులో తలపండినవాళ్ళే. అయినా భోజనాలయ్యాక కునుకుపాట్లు మామూలే.

అభ్యాసం కోసం తల్లివీ, తమవీ నమూనాలు తెమ్మన్నాడు ప్రొఫెసరు. అందరూ తల్లుల ఎంగిలి సీసాల్లో పట్టి తెచ్చారు. వాళ్ళలో ఒకామె మాత్రం చనిపోయిన తన తల్లి దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తెచ్చింది.

"బతికుండగా పనికిరాలేదు, ఇప్పుడైనా పనికొచ్చింది మా అమ్మ," అని నవ్వింది కూడా.

మామూలు తల్లి కాదు ఆవిడ. గ్లాసెడు నీళ్ళు ఒలికినా చిన్నకూతుర్ని చీకటి గదిలో తోసి గడియ పెట్టేది. బయట కూర్చుని, ఆ ఏడుపు వింటూ తాపీగా టీ తాగేది. పెద్దకూతురైన ఈమె కాళ్ళావేళ్ళా పడితే ఎప్పటికో తలుపు తీసేది. చెల్లెల్ని కడుపులో పెట్టుకుని పెంచింది అక్కే.

మొదటిసారి చెట్టు గీసినప్పుడు తల్లి కొమ్మా, ఆమె కొమ్మా ఉండాల్సినంత ఎడంగానే ఉన్నాయి. కొన్నాళ్ళకి మళ్ళీ చేస్తే ఆ ఎడం సగానికి తగ్గింది.

"ఎక్కడో రెండు నమూనాలూ కలిసిపోయుంటాయమ్మా. కొత్తగా తీయండి. మీ చెల్లెలిది కూడా ఇప్పించండి, పోల్చి చూద్దాం," అన్నాడు ప్రొఫెసరు.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం చెల్లెలు కూడా సరదాపడి వచ్చింది. మిగతావాళ్ళు టీకి పోయారు. ప్రొఫెసరు తెర వైపు చాలాసేపు చూసి కళ్ళజోడు తీశాడు.

"మీ చెల్లెలిది సరిగ్గానే ఉంది. కానీ మీ కొమ్మ..."

"అమ్మ వెంట్రుకలు పాడైపోయాయేమో సార్."

"లేదమ్మా. ఆవిడది మూడుసార్లూ ఒక్కలాగే ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "మారుతున్నది మీది."

పై అంతస్తులో ఉన్న డైరెక్టరుని పిలుచుకొస్తానంటూ గబగబా మెట్లెక్కాడు.

తెర మీద రెండు కొమ్మలూ ఒకదానిమీదొకటి పడుకుని ఉన్నాయి. ఆమెకి భయం వేయలేదు. ఒళ్ళు తేలికపడింది... అంతే.

"ఏంటక్కా అలా చూస్తావు?" అంది చెల్లెలు.

"ఏం లేదే. ఆ మూల, నమూనాలుంచే చల్లగదిలో నా నీలం డబ్బా ఉంది, పట్రా."

ఆ గది తలుపుకి లోపలి పిడి ఊడిపోయింది. అందుకే ఎప్పుడూ స్టూలు అడ్డం పెట్టి ఉంచేవారు. చెల్లెలు లోపలికి వెళ్ళింది. అక్క కాలు స్టూలుని పక్కకి నెట్టింది. ఇనుప తలుపు మూసుకుంది. ఆమె చెయ్యి గోడమీదికి వెళ్ళి, లోపలి దీపం ఆర్పింది.

తీయాలి... తలుపు తీయాలి... అనుకుంది. చెయ్యి కదల్లేదు.

"అక్కా, వేళాకోళాలొద్దే!" లోపల్నుంచి నవ్వు.

తర్వాత తలుపు మీద దెబ్బలు.

"అక్కా... చీకటిగా ఉందే... తీయవే..."

తర్వాత గొంతు మారింది. చిన్నపిల్ల గొంతయింది.

"అమ్మా... తప్పయిందమ్మా... ఇంకెప్పుడూ చెయ్యనమ్మా..."

ఆ మాట చెవిన పడగానే ఆమె గుండెల్లో వెచ్చగా ఏదో పరుచుకుంది. తీయగా ఉంది. ఎంత తీయగా ఉందో ఇన్నాళ్ళూ తెలియలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. కాలుమీద కాలు వేసుకుంది. వింది.

ఏడుపు ఎక్కిళ్ళయింది... ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

అంత తొందరగా ఆగకూడదే అనుకుంది. లేచి, చల్లటి ఇనుముకి చెవి ఆనించింది.

లోపల ఎవరో చెల్లెల్ని జోకొడుతున్నారు. మెల్లగా, వీపు మీద తట్టే చప్పుడు. ఆ పైన ఒక గుసగుస... అచ్చం తన గొంతే.

"ఏడవకు చిట్టీ, నా ఒళ్ళో పడుకో. ఆవిడ ఈసారి తలుపు తీయదు."