నిద్ర చేయాల్సిన ఇల్లు

భద్రయ్య దినకర్మలు ముగిశాయి. ఇక ఆచారం ప్రకారం ఆయన భార్య శ్యామలమ్మ ఒక రాత్రి అయినవాళ్లింట్లో నిద్ర చేసి రావాలి. ఒక్కగానొక్క కూతురు యోగిత ఉండగా వేరే ఇల్లెందుకన్నారు చుట్టాలు. శ్యామలమ్మ ససేమిరా అంది... ఎలా వెళ్తుంది? ఆ ఇంట్లో యోగిత, అల్లుడు ఉదయ్‌కిరణ్‌తో పాటు యోగిత మనసిచ్చిన లక్ష్మణ్ కూడా ఉంటాడు. ఇద్దరూ నా వాళ్లేనని కూతురు, నాకిష్టమయ్యే జరిగిందని అల్లుడు! ఆ మాట విన్ననాటి నుంచి ఆ తల్లి కుమిలిపోతూనే ఉంది. భర్త గుండెపోటుతో పోయిన రోజు, శవం పక్కనే, "నీ వల్లనే మీ నాయిన పోయిండు" అని కూతుర్ని అనేసింది కూడా.

అప్పటినుంచి యోగితకు తిండి సయించదు, కంటికి కునుకు లేదు. చివరికి ఉదయ్‌కిరణ్ పద్మారావు నగర్‌లో అనుపమ అనే సైకాలజీ కౌన్సెలర్ దగ్గర టైము తీసుకున్నాడు. శ్యామలమ్మ తనూ వస్తానంది. లోలోపల ఆమె ఆశ ఒక్కటే... చదువుకున్నావిడ చెబితేనైనా కూతురు ఆ రెండోవాణ్ణి వదిలేస్తుందని!

ఇంతకుముందు వెళ్లిన కౌన్సెలర్, ముందు ఇద్దరిలో ఒకరిని వదిలేసి రమ్మన్నారని తల్లి పక్కన కూర్చున్న యోగిత తలవంచుకుని అనుపమకు చెప్పింది. ముగ్గురూ ఇష్టపడి, దాపరికం లేకుండా ఉంటున్నప్పుడు దాన్ని తాను జబ్బుగా చూడనంది అనుపమ. తర్వాత నెమ్మదిగా, "మీ నాన్నగారి గురించి చెప్పండి యోగితా" అంది.

అంతే... యోగిత వలవలా ఏడ్చేసింది. "నాయిన కోసం నేనింక ఏడ్వనే లేదు మేడం. ఏడుద్దామంటే అమ్మ అన్న మాటనే యాదికొస్తది. చంపినోళ్లకు ఏడ్చే హక్కుంటదా?"

శ్యామలమ్మ కూతురి వైపు తిరిగింది. తనకు భర్త పోతే, ఆ పిల్లకు తండ్రి పోలేదూ? ఆయన గుండె బలహీనమని డాక్టరు ఏనాడో చెప్పిన సంగతి తనకు తెలియదూ? కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"నీ వల్ల గాదు బిడ్డా... నా దుఃఖం ఎవరి మీద పొయ్యాల్నో తెల్వక నీ మీద పోసిన. ఇయ్యాల నిద్రకు నీ ఇంటికే వస్త."

బయట గేటు దగ్గర లక్ష్మణ్ ఎదురుచూస్తున్నాడు. విషయం తెలిసి, ఆమెకు ఇబ్బంది కాకూడదని తాను బోయిగూడలో స్నేహితుడింట్లో పడుకుంటానన్నాడు. శ్యామలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆమెకు ఇంకా ఏదీ పూర్తిగా అర్థం కాలేదు. అయినా లక్ష్మణ్ వైపు చూసి చెప్పింది.

"ఇంటోళ్లల్ల ఒకరిని బయటికి పంపి నేను పండుకుంటే, అది నిద్ర చేసినట్టెట్లయితది? ఆటో పిలువు బిడ్డా... అందరం పోదాం."