గిన్నె మీద కలోస్

కుండలు కాల్చే ఆవం విప్పిన పొద్దున, మట్టి తొక్కే ఎర్గినోస్‌కు చెంపదెబ్బతో తెల్లవారింది.

"ఏరా, ఒళ్లు కొవ్వెక్కిందా?" అన్నాడు యజమాని స్ట్రాటోన్, ద్రాక్షసారా తాగే గిన్నె ఒకటి వాడి ముక్కు ముందు ఆడిస్తూ.

ఏథెన్స్ కుమ్మరివాడలో గిన్నెల మీద 'ఫలానావాడు కలోస్', అంటే అందగాడు, అని రాయడం మామూలే. కాకపోతే ఆ ఫలానావాడు గుర్రాలున్న ఇంటి కుర్రాడై ఉండాలి. మట్టి తొక్కేవాడి పేరుంటే ఆ గిన్నె ఎవడు కొంటాడు?

"ఏం రాసుందయ్యా అందులో?"

"ఎర్గినోస్ కలోస్ అని. నీ అందం నువ్వే చాటుకుంటావట్రా? మూట సర్దుకో."

ఎర్గినోస్ నోరు తెరుచుకుపోయింది. వాడికి అక్షరం ముక్క రాదు. ఆ మాట వినే ఓపిక యజమానికి లేదు. పని పోతే కూడు పోతుంది, సరే. వాకిట్లో రంగు నూరే యజమాని కూతురు మెలిట్టా ఇక కంటికి కనబడదు. అదీ అసలు బాధ.

"అతను రాయలేదు నాన్నా."

తలుపు దగ్గర మెలిట్టా నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మరెవరే?"

"నేనే."

స్ట్రాటోన్ పీట మీద కూలబడ్డాడు. ఒక ఆడపిల్ల మగవాణ్ని కలోస్ అని రాయడం అతని తాత కూడా విని ఉండడు.

ఎర్గినోస్ ఆమె వైపు తిరిగాడు. "నన్నా?"

"ఇక్కడ ఇంకో ఎర్గినోస్ ఉన్నాడా?"

"నా మొహం సరిగ్గా చూశావా? పొద్దస్తమానం బురదే."

"మొహానికే అంటారా ఏంటి? మొన్న వానలో పచ్చి కుండల మీద నీ దుప్పటి కప్పి, నువ్వు తడుస్తూ నిలబడ్డావే, ఆ బుద్ధినీ కలోస్ అనే అంటారు."

"మరి ఆడపిల్లనైతే ఏమంటారు?"

"కలే అంటారు."

"అయితే మెలిట్టా కలే," అన్నాడు వాడు, యజమాని ఎదుటే.

స్ట్రాటోన్ గిన్నెను నేలకేసి కొట్టబోయాడు.

"కొట్టెయ్ నాన్నా. మళ్లీ రాస్తాను."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఈ పిల్ల అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు.

"అమ్మితే ఊరంతా నవ్వుతుంది," అన్నాడు చివరికి. "దాచుకుందామంటే పరాయి మగాడి పేరున్న గిన్నె నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

మెలిట్టా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాబట్టి వాడు పరాయివాడు కాకూడదు," అన్నాడు స్ట్రాటోన్. " ఏరా, గుడ్లప్పగించి చూస్తావేం? వెళ్లి మీ నాన్నను పిలుచుకురా."